విదేశానికి వెళ్తున్నారా? ఇక్కడి అప్పులను ఎలా సర్దుకోవాలి: హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

వీసా స్టాంపింగ్ అయ్యాక నాకు ఫోన్ చేసేవాళ్లలో సగం మంది ఒకటే అడుగుతారు: "ఇక్కడ లోన్ నడుస్తోంది, వెళ్లొచ్చా?" ఇంకొందరి మాట వేరు: "వెళ్లిపోతే ఏం చేస్తారులే, మూడేళ్లయితే అప్పు చెల్లదట కదా?" మొదటివాళ్లది అక్కర్లేని భయం, రెండోవాళ్లది ప్రమాదకరమైన ధీమా.

ఈఎంఐ ఒకటి తప్పినంత మాత్రాన శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎవరూ ఆపరు. అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, సివిల్ వ్యవహారం. కానీ దేశం దాటినంత మాత్రాన అప్పు రద్దు కాదు. రూపాయల్లో, మీ పేరు మీద, అదే వడ్డీతో ఇక్కడే నడుస్తుంటుంది. తెగిపోయేవి మూడు: మీ ఫోన్ నంబర్, మీ చిరునామా, మీ బ్యాంకు ఖాతా. నేను చూసిన చిక్కుల్లో ఎక్కువ భాగం డబ్బు లేక వచ్చినవి కావు, ఈ మూడూ తెగడం వల్ల వచ్చినవి.

పని మొదలుపెట్టడానికి ప్రయాణానికి కనీసం 60 రోజుల ముందు సమయం పెట్టుకోండి.

1. మొత్తం బాకీలను ఒక కాగితం మీద పెట్టండి

మనదేశంలో క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలన్నది ఆర్‌బీఐ నియమం. నాలుగూ తీసుకోండి. ఒకదాంట్లో కనపడని పాత కార్డు ఇంకోదాంట్లో బయటపడుతుంది.

రిపోర్టులో రానివి కూడా రాయాలి. మన దగ్గర ఇవే ఎక్కువ:

- ప్రామిసరీ నోటు రాసి తెచ్చినవి
- ఎత్తేసిన చీటీ, ఇంకా కట్టాల్సిన వాయిదాలు
- చేబదుళ్లు
- కుదువ పెట్టిన బంగారం
- వేరేవాళ్ల అప్పుకు మీరు పెట్టిన జామీను సంతకాలు
- ఎవరి దగ్గరైనా ఉన్న మీ సంతకం చేసిన ఖాళీ చెక్కులు, వాటి నంబర్లు

ఒక్కోదాని ఎదురుగా అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత, ఏ ఖాతా నుంచి పోతోంది, జామీను ఎవరు అన్నది రాయండి. నోటు మీద "రెండు రూపాయల వడ్డీ" అని ఉంటే అది ఏడాదికి 24 శాతం. బ్యాంకు అప్పుల పక్కన పెట్టి చూడాలంటే ఇలా మార్చి రాస్తేనే అసలు బరువు తెలుస్తుంది.

2. ఏది తీర్చి వెళ్లాలి, ఏది ఉంచుకోవచ్చు

క్రెడిట్ కార్డులు: వీటిని ముందు తీర్చండి. బాకీని మోసుకుంటూ పోతే నెలకు సుమారు 3.5 శాతం, ఏడాదికి 40 శాతం దాటుతుంది. తీర్చాక మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును 7 పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయలు మీకే ఇవ్వాలని ఆర్‌బీఐ 2022లో చెప్పింది.

"బాకీ సున్నాయే కదా, ఉంటే ఏం" అని వదిలేయకండి. 500 వార్షిక ఫీజు జీఎస్టీతో 590 అవుతుంది. బిల్లు పాత మెయిల్‌కు పోతుంది. మీకు తెలిసేసరికి దాని మీద ఆలస్య రుసుములు పేరుకుని, రిపోర్టులో ఎగవేతగా కనపడుతుంది.

పర్సనల్ లోన్: చేతిలో డబ్బుంటే రెండోది ఇది. ఎక్కువగా స్థిర వడ్డీవి కాబట్టి ముందే మూసేస్తే చార్జీ పడొచ్చు. శాంక్షన్ లెటర్ తీసి చూసి, మిగిలిన వడ్డీతో పోల్చి తేల్చుకోండి.

బంగారం మీద అప్పు: దీన్ని విడిపించకుండా విమానం ఎక్కొద్దు. గడువు చిన్నది, వేలం నోటీసు ఇంటికి వస్తుంది, విడిపించాలంటే మామూలుగా మీరే బ్రాంచికి రావాలి. డబ్బు సర్దుబాటు కాకపోతే విడిపించి, ఇక్కడే ఉండే అమ్మ పేరునో భార్య పేరునో మళ్లీ పెట్టించండి. వడ్డీ భారం అంతే ఉంటుంది గానీ, బంగారం మాత్రం చేతికి అందేలా ఉంటుంది.

బండి, కారు: అమ్మేయాలనుకుంటే లోన్ మూసి, బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్టీఏలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు హక్కు నమోదు) తీయించాకే పేరు మారుతుంది. "కారు నువ్వు వాడుకో, మిగతా ఈఎంఐలు నువ్వే కట్టుకో" అని బంధువులకు మాట మీద ఇచ్చేయడం నేను చాలాసార్లు చూసిన తప్పు. లోనూ, చలాన్లూ, ప్రమాదం జరిగితే కేసూ మీ పేరు మీదే ఉంటాయి.

ఇంటి లోన్: ఉంచుకోవచ్చు. ఇక్కడ ఉండగా తీసుకున్న లోన్‌ను ఎన్‌ఆర్‌ఐ అయ్యాక కూడా కొనసాగించడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకుంటాయి. బ్యాంకుకు మీ స్థితి మారిందని రాతపూర్వకంగా చెప్పాలి, అంతే. చలన వడ్డీ (ఫ్లోటింగ్ రేటు) అయితే ఎప్పుడు ముందస్తుగా కట్టినా జరిమానా ఉండదు.

కిరాయితో ఈఎంఐ గడిచిపోతుందని లెక్క వేసుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఇంటి యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే కిరాయిదారు ప్రతి నెలా 31.2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. మియాపూర్‌లో ఫ్లాట్‌కు 28,000 కిరాయి వస్తోందనుకుందాం. చేతికొచ్చేది 19,264. రిటర్న్ వేస్తే అదనంగా కోసింది వెనక్కి రావచ్చు, తక్కువ కోతకు ముందే సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవచ్చు. కానీ నెలనెలా ఈఎంఐ తేదీకి ఆ తేడా మీరే పూడ్చాలి.

చదువు లోన్: వెళ్లేదే దీనితో కాబట్టి తీర్చే మాట లేదు. సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా ఈఎంఐ మొదలవదు. అయితే వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది. 30 లక్షలకు 11 శాతం వడ్డీ అంటే నెలకు 27,500. రెండేళ్ల కోర్సు అయ్యేసరికి వడ్డీ ఒక్కటే 6.6 లక్షలు. నాన్నకు వీలైతే ఆ వడ్డీలో సగమైనా నెలనెలా కట్టమనండి.

3. నోట్లు, చీటీలు, చేబదుళ్లు

బ్యాంకు అప్పుకు కనీసం స్టేట్‌మెంట్ ఉంటుంది. వీటికి ఉండేది మాట, ఒక కాగితం. అందుకే వీటికి ఎక్కువ సమయం ఇవ్వండి.

నోటు అప్పు పూర్తిగా తీర్చితే అసలు నోటు చేతికి తీసుకోవాలి. జిరాక్స్ పనికిరాదు. వెనకాల "అసలు, వడ్డీ మొత్తం ముట్టినది" అని తేదీతో అప్పిచ్చినవాళ్ల చేత రాయించి సంతకం చేయించండి. కొంతే తీర్చితే ఆ మొత్తాన్ని నోటు వెనక జమ రాయించి, రెండు వైపులా ఫోటో తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి: మీ సంతకంతో జమ రాస్తే, ఆ అప్పు మీద దావా వేయడానికి ఉండే కాలపరిమితి ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. అది తప్పేం కాదు, తెలిసి చేయాలి.

చీటీ పాడి ఎత్తుకున్నవాళ్లు మిగిలిన వాయిదాలకు పూర్తి బాధ్యులు. రిజిస్టర్డ్ చిట్ కంపెనీ అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద మీ మీద, మీ జామీనుదారుల మీద చర్యకు వెళ్తుంది. మీ తరఫున ఎవరు కడతారో బ్రాంచికి రాసివ్వండి. ఇంకా ఎత్తని చీటీ అయితే దాన్ని వేరేవాళ్ల పేరుకు మార్పించుకునే వీలుంది, అడగండి. కాలనీలో ఆంటీ నడిపే చీటీ అయితే వెళ్లి కూర్చుని, ఆమె పుస్తకంలోనే మీ పేరు దగ్గర మిగిలిన నెలలు, కట్టేవాళ్ల పేరు, ఫోన్ నంబర్ రాయించండి.

పూచీగా ఇచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి తెచ్చుకోవడం మర్చిపోవద్దు. "ఆ ఖాతా ఎలాగూ మూసేశాను కదా" అంటే కుదరదు. మూసిన ఖాతా మీది చెక్కు తిరిగి వచ్చినా అది చెక్కు బౌన్స్ కేసే.

చేబదులు పదివేలైనా సరే, తీర్చే వెళ్లండి. కాగితం లేదు కాబట్టి మామూలుగా కేసు దాకా రాదు. కానీ ఇక్కడ మీ అమ్మానాన్నలు ఆ మనిషిని రోజూ చూడాలి.

4. ఖాతా మార్పు, నాచ్ మాండేట్: నేను దెబ్బతిన్న చోటు

ఉద్యోగానికో, వ్యాపారానికో, చదువుకో బయటికి వెళ్తే ఫెమా ప్రకారం మీ మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి ఆదాయానికి వాడే రూపాయి ఖాతాగా) మార్పించాలి. బుద్ధిగా ఆ పనే చేశాను. బ్రాంచిలో ఫారం ఇచ్చాను, వాళ్లు కొత్త ఖాతా నంబర్ ఇచ్చారు. నా పర్సనల్ లోన్ ఉన్నది వేరే బ్యాంకులో. దాని ఈఎంఐ 14,200 ప్రతి 5వ తేదీన పాత నంబర్ నుంచి పోయేలా నాచ్ మాండేట్ (ఈఎంఐని ఖాతా నుంచి దానంతటదే తీసుకోవడానికి మనం ఇచ్చే అనుమతి) ఉంది. కొత్త నంబర్‌కు దాన్ని మార్చాలని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు.

కొత్త ఖాతాలో డబ్బు నిండుగా ఉంది. పాత నంబర్ మీద మూడు నెలలు వరసగా బౌన్స్. రీచార్జి చేయక నా సిమ్ ఆగిపోయింది కాబట్టి మెసేజీ ఒక్కటీ నాకు చేరలేదు.

మూడో నెలలో మల్కాజిగిరిలో మా ఇంటికి మనిషి వచ్చాడు. మధ్యాహ్నం ఒంటిగంట, అమ్మ అప్పుడే అన్నం ముందు కూర్చుంది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, "కూర్చో బాబూ" అని ఆయనకు మంచినీళ్లు ఇచ్చిందట. ఆయన చూపించిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో అమ్మ చదవగలిగింది అంకెలు మాత్రమే. ఆ మాట నాకు వెంటనే చెప్పలేదు. ఆదివారం ఫోన్‌లో అంతా మాట్లాడాక, చివర్లో మెల్లగా అడిగింది: "ఏం లేదు గని బిడ్డా, నీకేమన్న పైసలకు ఇబ్బంది అయితున్నదా?"

డబ్బు ఉండి కూడా ఆ ప్రశ్న వినాల్సి వచ్చింది. మీకు ఆ అవసరం రాకూడదనే ఈ భాగం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

చేయాల్సిన వరస ఇది:

1. ముందు ఎన్‌ఆర్‌ఓ ఖాతా పని పూర్తి చేయండి. నంబర్ మారుతుందా, అదే ఉంటుందా అని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.
2. మారితే, ప్రతి లోన్‌కూ కొత్త నంబర్ మీద కొత్త నాచ్ మాండేట్ రిజిస్టర్ చేయించండి.
3. కొత్త మాండేట్ మీద కనీసం ఒక ఈఎంఐ పోవడం మీరు ఇక్కడ ఉండగా కళ్లారా చూడండి.
4. ఆ తర్వాతే పాత ఖాతాను వదలండి.
5. ఎన్‌ఆర్‌ఐ ఖాతా వేరుగా తెరవాలంటే ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన జమ చేసుకునే రూపాయి ఖాతా) తెరవండి. అక్కడి జీతం అందులోకి పంపి, ఈఎంఐకి సరిపడా ఎన్‌ఆర్‌ఓకు మళ్లించుకోవచ్చు.
6. ఎన్‌ఆర్‌ఓలో ఆరు నెలల ఈఎంఐలు ఉంచి వెళ్లండి. మూడు చాలంటారు చాలామంది. నేను ఒప్పుకోను, ఎందుకో 7వ భాగంలో చెప్తాను.

5. ఫోన్, చిరునామా, పవర్ ఆఫ్ అటార్నీ

ఇక్కడి సిమ్ బతికి ఉండాలి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది. వెళ్లేముందే రోమింగ్ ఆన్ చేయించండి, రీచార్జి తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. అమెరికా, కెనడా, బ్రిటన్, యూఏఈ, సౌదీ, సింగపూర్, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఓ, ఎన్‌ఆర్‌ఈ ఖాతాలకు యూపీఐ కూడా వాడుకోవచ్చు. మీ బ్యాంకు ఇస్తుందా అన్నది కనుక్కోండి.

చిరునామా సంగతి ఇంకా ముఖ్యం. కూకట్‌పల్లిలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు, లోన్ పుస్తకంలో అదే చిరునామా. నోటీసు అక్కడికే వెళ్తుంది. సరైన చిరునామాకు పోస్టులో రిజిస్టర్ చేసి పంపితే మీకు అందినట్టే చట్టం భావిస్తుంది. అందుకే ప్రతి బ్యాంకులో విదేశీ చిరునామాతో పాటు, ఇక్కడ ఉత్తరం అందుకుని ఫోటో తీసి పంపగల మనిషి చిరునామా ఇవ్వండి.

పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున పనులు చేసే అధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) ఇక్కడ ఉండగానే చేయించుకుంటే తేలిక. అక్కడికి వెళ్లాక అయితే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర) వేయించాలి. ఆ కాగితం భారత్‌కు చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టాలి. ఏ పనులకు అధికారం ఇస్తున్నారో పేరుపేరునా రాయండి: లోన్ మూయడం, ఎన్‌ఓసీ తీసుకోవడం, అసలు దస్తావేజులు తీసుకోవడం. అమ్మే అధికారం అవసరం లేకపోతే రాయకండి.

6. జామీను పెట్టినవాళ్లతో కూర్చోండి

ఇది కాగితం పని కాదు, అయినా తప్పించుకోవద్దు. 1872 కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానం. మీ మీద కేసు నడిచి తేలేదాకా ఆగాల్సిన పని బ్యాంకుకు లేదు. నేరుగా మీ మేనమామ జీతం వైపు రావచ్చు.

లోన్ ఎంత మిగిలిందో, ఏ ఖాతా నుంచి పోతోందో, ఒక నెల తప్పితే ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు కాగితం మీద ఇవ్వండి. చెల్లింపు రసీదు నెలనెలా ఆయనకు వాట్సాప్ చేయండి. ఆయన సిబిల్ కూడా మీ చేతిలో ఉంది.

7. అక్కడ దిగాక మొదటి ఆరు నెలలు

మొదటి జీతం చేతికి రావడానికి రెండు నెలలు పట్టడం మామూలే. ఇంటికి అడ్వాన్సు, కారు, చలి బట్టలు అన్నీ ఆ రెండు నెలల్లోనే వస్తాయి. ఉద్యోగం మూడో నెలలోనే పోయినవాళ్లనూ చూశాను. అందుకే ఆరు ఈఎంఐలు ఉంచమన్నది.

ఇక్కడి మంచి సిబిల్ స్కోరు అమెరికాలో మీతో రాదు, ఇక్కడి బాకీలు కూడా అక్కడి రిపోర్టులో సాధారణంగా కనపడవు. అక్కడ సున్నా నుంచి మొదలు. డిపాజిట్ పెట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో మొదలుపెట్టి ప్రతి నెలా పూర్తిగా కట్టండి. ఇక్కడి అప్పు తీర్చడానికి అక్కడి కార్డు మీద అప్పు చేయొద్దు.

8. ఈఎంఐ తప్పితే ఏం జరుగుతుంది, ఎక్కడ ఆపాలి

30 రోజులు, 60 రోజులు, 90 రోజులు: ఇవి మూడు మెట్లు. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ). తాకట్టు ఉన్న ఇల్లయితే 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనానికి వస్తారు. కాబట్టి మీరు మాట్లాడాల్సింది మొదటి 30 రోజుల్లోనే. ఉద్యోగం పోయిందని రుజువుతో మెయిల్ పంపి, ఈఎంఐ తగ్గించి గడువు పెంచమని అడగండి. మాట్లాడేవాళ్లకు దారి దొరుకుతుంది, ఫోన్ ఎత్తనివాళ్లకు దొరకదు.

చెక్కు, నాచ్ బౌన్స్. ఇక్కడే సివిల్ కాస్తా క్రిమినల్ అవుతుంది. చెక్కుకు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్, నాచ్‌కు 2007 చెల్లింపుల చట్టం 25వ సెక్షన్. రెండింటిలోనూ రెండేళ్ల దాకా జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు కేసులో నోటీసు అందాక 15 రోజుల్లో కడితే ఆగిపోతుంది. పట్టించుకోకపోతే సమన్లు, తర్వాత వారెంట్. వారెంట్ ఉంటే పాస్‌పోర్టు రెన్యువల్‌ను నిరాకరించే అధికారం చట్టంలో ఉంది. హ్యూస్టన్‌లో కూర్చుని పాస్‌పోర్టు ఆగడమంటే ఏమిటో అక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

"మూడేళ్లయితే చెల్లదు" అన్న మాట. మామూలు అప్పుకు కాలపరిమితి మూడేళ్లన్నది నిజమే. కానీ 1963 కాలపరిమితి చట్టం 15వ సెక్షన్ ఐదో ఉపవిభాగం చదవండి: అప్పుదారు భారత్‌లో లేని కాలాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తారు. మీరు పదేళ్లు బయట ఉంటే గడియారం పదేళ్లు ఆగి ఉన్నట్టే. ఈ ఒక్క వాక్యం తెలియక సంవత్సరాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

రికవరీ ఏజెంట్లు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇంట్లోవాళ్లను బెదిరించకూడదు, అవమానించకూడదు. అలా జరిగితే తేదీ, సమయం, నంబర్ రాసి బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్‌లో, ఏ దేశం నుంచైనా రాయొచ్చు.

సెటిల్‌మెంట్. సగం కడితే చాలని ఫోన్ వస్తే ఆశపడి వెంటనే కట్టకండి. లెటర్ బ్యాంకు అధికారిక మెయిల్ నుంచి రావాలి, డబ్బు లోన్ ఖాతాలోకే వెళ్లాలి, ఏజెంటు ఖాతాకు కాదు. రిపోర్టులో "సెటిల్డ్" అని పడి ఏళ్ల తరబడి ఉంటుంది. తిరిగొచ్చి ఇల్లు కొనే ఆలోచన ఉంటే, కాస్త ఆలస్యమైనా పూర్తిగా కట్టి "క్లోజ్డ్" అనిపించుకోవడమే నయం.

లోన్ మూశాక చూసుకోవాల్సినవి:

- నో డ్యూస్ సర్టిఫికెట్
- ఇంటి అసలు దస్తావేజులు (30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు మీకు)
- పాత చెక్కులు వెనక్కి
- నాచ్ మాండేట్ రద్దు
- నెల తర్వాత క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" పడిందా

9. అక్కడి అప్పుతో ఇక్కడికి తిరిగొచ్చేవాళ్లకు

గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ఇది తప్పక చదవాలి. యూఏఈ కోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా స్థాయి కోర్టులో నేరుగా అమలు చేయించుకునే వీలు 2020 జనవరి 17 నుంచి ఉంది. అంటే దుబాయ్ బ్యాంకు అక్కడ గెలిచిన తీర్పుతో హైదరాబాద్‌లో మీ ఆస్తి మీదకు రావచ్చు. బ్రిటన్, సింగపూర్ తీర్పులకూ ఇదే దారి. అమెరికా ఆ జాబితాలో లేదు. అక్కడి తీర్పు పట్టుకుని ఇక్కడ కొత్తగా దావా వేయాలి.

యూఏఈలో డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కును 2022 జనవరి నుంచి చాలావరకు క్రిమినల్ కేసుల నుంచి తప్పించారు. అయితే ఆ చెక్కుతోనే నేరుగా కోర్టు అమలుకు వెళ్లొచ్చు, ప్రయాణ నిషేధం పడొచ్చు. మీ మీద ఆర్థిక కేసు ఉందో లేదో దుబాయ్ వాళ్లు దుబాయ్ పోలీస్ యాప్‌లో, అబుదాబి వాళ్లు ఎస్తఫ్సర్ సేవలో చూసుకోవచ్చు. మస్కట్‌కో లండన్‌కో దుబాయ్ మీదుగా టికెట్ కొనేముందు చూసుకోండి.

వీసా రద్దుకు పెట్టకముందే అక్కడి ప్రతి బ్యాంకు నుంచి లయబిలిటీ క్లియరెన్స్ లెటర్ (బాకీ ఏమీ లేదన్న లేఖ) తీసుకోండి. రద్దయ్యాక అక్కడి ఫోన్ నంబరూ ఎమిరేట్స్ ఐడీ పోతాయి, ఆపైన ఆ లెటర్ కోసం ఇక్కడి నుంచి కాల్ సెంటర్‌తో నెలల తరబడి మాట్లాడాల్సి వస్తుంది. లెటర్ మీద మీ పాస్‌పోర్టు నంబర్ సరిగ్గా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చదివి, అక్కడే ఫోటో తీసి ఇంటికి పంపండి.